మాత్రతో పాటు ముద్ద

సింగపూర్‌లోని యీషున్‌లో మా బ్లాకు కింద పోయిన ఆదివారం ఒక తెలుగమ్మాయికి సీమంతం చేశారు. వాళ్లమ్మ విజయనగరం నుంచి చలిమిడి తెచ్చింది. కడుపు చలవ అంటూ కూతురి ఒళ్లో పెడుతుంటే, ఇరవయ్యేళ్ల కిందట మా ఊళ్లో చూసిన మరో గర్భిణి గుర్తొచ్చింది. హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజే అత్తవారింట్లో ఆమె కంచం వేరు చేశారు. అందరూ తిన్నాక మిగిలిందే ఆమెకు. పుట్టింటి చలిమిడి కూడా రాలేదు.

మందుల విషయంలో అప్పటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. చికిత్సే లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45. తల్లి రోజూ తప్పకుండా మందులు వేసుకుంటే, పాలిచ్చినా సరే, అది 5 లోపుకు దిగుతుంది. సింగపూర్‌లో 2004 చివరి నుంచి, వద్దంటే తప్ప, గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నారు. భారతదేశంలో 2014 నుంచి హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం ఉచితంగా మందులివ్వడం ప్రభుత్వ విధానం.

వైరస్ సోకకపోతే చాలదు. బిడ్డ నెలలు నిండి, తగిన బరువుతో పుట్టాలి. దానికి తల్లి కడుపు నిండాలి. హెచ్‌ఐవీ ఉన్నవారికి, లక్షణాలేమీ కనిపించకపోయినా, పదో వంతు ఎక్కువ ఆహారశక్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ కోసం తినాల్సింది దానికి అదనం. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో వెయ్యిమందికి పైగా హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. బి, సి, ఇ విటమిన్లు అందినవారిలో తక్కువ బరువు కాన్పులు 44 శాతం తగ్గాయి. అదే పరిశోధనలో విటమిన్ ఎ మాత్రం బిడ్డకు వైరస్ సోకే ముప్పు పెంచిందని తర్వాత తేలింది. అందుకే బలానికని ఎవరో చెప్పిన సీసా కొనకండి. డాక్టరు రాసిన ఐరన్, ఫోలిక్ మాత్రలు, రోజూ పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర అందేలా చూడండి.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట పూర్తి భోజనం తెచ్చింది. ఊరి చూపులకు భయపడి హెచ్‌ఐవీ ఉన్న గర్భిణి గడప దాటకపోతే ఆ గుడ్డు ఎవరికి? హెచ్‌ఐవీ ఉన్నవారిపై వివక్షను 2017 చట్టం నిషేధించింది. కానీ వంటింట్లో ఎవరికి ఎంత వడ్డించాలో చట్టం చూడలేదు, ఇంట్లోవాళ్లే చూడాలి. ఒకే కంచంలో తిన్నా హెచ్‌ఐవీ రాదు. కంచం వేరు చేస్తే మాత్రం తల్లికి తిండి తగ్గుతుంది, బిడ్డకు బరువు తగ్గుతుంది.

అలాంటి తల్లి మీ ఎరుకలో ఉంటే ఎలా వచ్చిందని ఆరా తీయకండి. నలుగురికీ చెప్పకండి. అందరితో పాటు కూర్చోబెట్టి వేడి అన్నం వడ్డించండి. ఐదో నెల రాగానే చలిమిడి పట్టుకెళ్లండి.