వల గోడ మీద, జాలరి గేటు బయట

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకొని పోయే దారిలో, జాలరి పల్లెల పక్కనే ఖరీదైన సీఫుడ్ రెస్టారెంట్లు లేస్తున్నాయి. లోపల గోడ నిండా వల పరిచి ఉంటుంది. మూలన పాత తెప్ప. దీపాలకు చేపల బుట్టల తొడుగులు. పల్లెవాళ్ళు తెల్లారి పట్టిన చేపే మన పళ్ళెంలోకి వచ్చిందని నమ్మించడానికే ఈ అలంకారమంతా. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని మరబోట్లూ, ఇంజను పడవలూ ఆపేస్తారు. ఇంజను లేని తెప్పలకే మినహాయింపు. ఒడ్డు దగ్గర వాటికి దొరికేది ఇంటి కూరకూ వీధి బేరానికీ చాలితే గొప్ప. అయినా మే నెల నడిమధ్యన కూడా హోటల్లో వంజరానికి కొదవ లేదు, చందువకు కొదవ లేదు. ఎక్కడిదయ్యా ఈ చేప? పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గాని మొదలవదు కాబట్టి అక్కడినుంచి ఐసు పెట్టెల్లో వచ్చి ఉండాలి. లేదా ఎప్పుడో పట్టి గడ్డకట్టించి దాచింది కావాలి. రొయ్య సంగతి సరేసరి. అది చాలాసార్లు భీమవరం వైపు చెరువులో పెరిగిన వనామీ. ముల్లు లేదని పిల్లలకు తినిపించే ఆ తెల్లటి ముక్క బాసా అయితే, అది సముద్రం మొహం చూడని చేప.

వీటిలో తినకూడనిది ఏదీ లేదు. చెరువు రైతు కష్టమూ కష్టమే. కానీ చెరువు రొయ్యకు కడలి పేరు పెట్టి, ఐసులో వచ్చిన చేపకు పక్క పల్లె పేరు తగిలించి, ఆ పేరుకే నాలుగింతలు వసూలు చేస్తే దాన్ని మోసమనే అంటారు.

ఆ పేరు గల పల్లెకు ఆ రెండు నెలలూ ఏం దక్కుతుందో చూడండి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధ కాలపు సాయాన్ని 10 వేల నుంచి 20 వేలకు పెంచింది. మంచి పనే. ఆ 20 వేలను 61 రోజులకు పంచండి. రోజుకు 328 రూపాయలు, అదీ ఇంటిల్లిపాదికీ. ఆ డబ్బుతో ఈ హోటల్లో ఒక ప్లేటు రొయ్యల వేపుడు కూడా రాదు.

మెనూలో పెద్ద చేపల ఎదుట ధర రాయరు. సైజును బట్టి అని రాస్తారు. రేవులోనూ సైజును బట్టే ధర, కానీ అక్కడ చేప మన కళ్ళ ముందుంటుంది, వేలం పాట మన చెవిన పడుతుంది. ఇక్కడ చేప వంటింట్లో, ధర బిల్లులో. నెత్తిన గంప పెట్టుకొని వీధులు తిరిగే ఆడమనిషి దగ్గర పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడే పెద్దమనుషులే ఇక్కడ బిల్లు తిప్పి చూడకుండా కార్డు చేతిలో పెడతారు. అక్కడ నోరు, ఇక్కడ నాగరికత!

ఇంకో విడ్డూరం. పల్లె తినే చేప ఈ మెనూలో కనిపించదు. కవళ్ళు లేవు, నెత్తళ్ళు లేవు, కానాగంతలు లేవు. అవి నీచు వాసనట. అలాంటి ఒక హోటల్ మేనేజరు, పక్కన ఇసుకలో ఎండుచేపలు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ళను చూపించి, కస్టమర్లకు ఇబ్బందిగా ఉందని నా ఎదుటే విసుక్కున్నాడు. ఎవరి ఇసుకలో ఎవరు ఇబ్బంది?

ఇసుక సంగతే అసలు సంగతి. తీర నియంత్రణ మండలి నిబంధనలు 2011లో, గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలను అడ్డుకున్నాయి. 2019లో వాటిని సడలించారు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనమున్న పల్లెల్లో ఆ హద్దు 50 మీటర్లకు కుదించుకుపోయింది. పర్యాటకుల కోసం తాత్కాలిక షెడ్లయితే పోటు గీతకు పది మీటర్ల దూరం చాలన్నారు. జాలరికి ఇసుక అంటే పడవ లాగి పెట్టుకునే చోటు, వల బాగుచేసుకునే చోటు, చేప ఎండబెట్టే చోటు. దానికి అతని దగ్గర పట్టా ఉండదు, తాతల నాటి అలవాటే ఉంటుంది. హద్దు జరిగినప్పుడు డబ్బున్నవాడు కంచెతో వస్తాడు, అలవాటు ఉన్నవాడు తప్పుకుంటాడు.

ఉద్యోగాలు వస్తున్నాయి కదా అంటారు. ఏ ఉద్యోగాలు? గేటు కాపలా, గిన్నెలు తోమడం. తీరం నిండా హోటళ్ళు వచ్చినా, శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు ఇంకా గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళి పరాయి బోట్లు ఎక్కుతూనే ఉన్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్‌కు చిక్కి జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. ఆ కథను ‘తండేల్’ సినిమాగా చూసి కళ్ళు తుడుచుకున్నాం. తర్వాత బీచ్ రోడ్డులో టేబులు బుక్ చేసుకున్నాం.

హోటలు పెట్టొద్దని నేననను. పల్లె పేరు వాడుకుంటే పల్లె దగ్గర కొనండి. ఏ రేవు, ఏ బోటు, ఏ రోజు పట్టిన చేపో మెనూలో రాయండి. నిషేధ కాలంలో పడమటి తీరం చేపను పడమటి తీరం చేప అనీ, చెరువు రొయ్యను చెరువు రొయ్య అనీ రాయండి. కవళ్ళ పులుసు వండించండి, వండడానికి ఆ పల్లె ఆడవాళ్ళనే పిలిచి జీతమివ్వండి. సముద్రానికి పోయే దారికి అడ్డంగా కంచె వేయకండి.

ఇక తినడానికి వెళ్ళే మనం. వడ్డించే మనిషిని ఒక్కటే అడుగుదాం: ఈ చేప ఎక్కడిది? జవాబు చెప్పలేని హోటలుకు మన డబ్బు ఇవ్వనక్కర్లేదు. లేచి, రేవుకు నడిచి, అక్కడి ఆడమనిషి చెప్పిన ధరకు, బేరమాడకుండా కొనుక్కుందాం.