ఆఖరి గంట లెక్క



కూలి పెంచమన్నా, పని గంటలు తగ్గించమన్నా యజమానుల నుంచి మనకు వచ్చే జవాబు ఒకటే: "ఇవ్వాలనే ఉంది, కానీ ఆర్థిక శాస్త్రం ఒప్పుకోదు." నేను సాంచాల మీద పని చేసే రోజుల్లో ఒక ఆఫీసరు ఇదే మాట అంటే నోరు మూసుకొని బయటికి వచ్చాను. పదో తరగతి చదివినవాణ్ణి, శాస్త్రానికి ఎదురు చెప్పగలనా అనుకున్నాను. ఆ శాస్త్రం ఎన్నిసార్లు మాట మార్చిందో తర్వాత యూనియన్ ఆఫీసు పుస్తకాలు తిరగేస్తే గాని తెలియలేదు.

1837లో ఇంగ్లండులో నాసా సీనియర్ అనే పండితుడు, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం బోధించినవాడు, ఒక లెక్క అచ్చు వేశాడు. పత్తి మిల్లు రోజుకు పదకొండున్నర గంటలు నడిస్తే నికర లాభమంతా ఆఖరి గంటలోనే వస్తుందట. ఒక్క గంట తగ్గిస్తే ఆ లాభం సున్నా! పది గంటల పని కోసం పోరాడుతున్న కార్మికుల ముఖాన యజమానులు ఈ కాగితమే విసిరారు.

ఇందులో తిరకాసు సాంచా నడిపేవాడికి వెంటనే తెలుస్తుంది. మిల్లు గంట తక్కువ నడిస్తే ఆ గంటకు పట్టే పత్తి మిగలదా? పండితుడు గంట కోశాడు గాని పత్తి ఖర్చు కోయడం మరిచాడు. 1867లో మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథంలో ఈ లెక్కను ఉతికి ఆరవేశాడు. అంతకు ముందే, 1847లో, ఆడవాళ్ళకూ 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకూ పది గంటల చట్టం వచ్చింది. లాంకషైరు మూతపడిందా? తర్వాతి పదేళ్ళలో దాని ఎగుమతులు పెరిగాయి. ఇంకో విచిత్రం చూడండి. బొంబాయి మిల్లులు పోటీకి వచ్చాక అదే లాంకషైరు యజమానులకు మన దేశపు కార్మికుల మీద జాలి పుట్టింది! ఇక్కడా ఫ్యాక్టరీ చట్టం తేవాలని ఒత్తిడి పెట్టారు. 1881 చట్టం వెనక ఆ ఒత్తిడి కూడా ఉంది.

తర్వాత 'కూలి నిధి' సిద్ధాంతం. దేశంలో కూలికి కేటాయించిన సొమ్ము ఒక మూట, ఒకరు ఎక్కువ తీసుకుంటే ఇంకొకరికి తగ్గుతుంది, కాబట్టి యూనియన్లు దండగ అన్నారు. ఆ సిద్ధాంతానికి పెద్ద దిక్కు జాన్ స్టూవర్ట్ మిల్. 1869లో విలియం థార్న్‌టన్ రాసిన పుస్తకం చదివి, అలాంటి మూట ఏదీ లేదని ఆయనే పత్రికలో ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. పండితుడు వదిలేసిన మాటను యజమానులు మాత్రం ఇంకా వదల్లేదు.

మన పక్షమూ ఈ వలలో పడింది, దాచుకోవడం ఎందుకు? 1865లో లండనులో అంతర్జాతీయ కార్మిక సంఘం సమావేశంలో వెస్టన్ అనే వడ్రంగి, కూలి పెరిగితే ధరలూ పెరుగుతాయి, సమ్మెల వల్ల ఫలితం లేదని వాదించాడు. అతను ద్రోహి కాడు, మనలాంటి కార్మికుడే. మార్క్స్ పని కట్టుకొని అతనికి జవాబు చెప్పవలసి వచ్చింది.

ఇదంతా పాత గొడవ అనుకోకండి. 2023లో కర్ణాటకలో రోజుకు 12 గంటల దాకా పని చేయించుకునేలా చట్టం సవరించారు. అదే ఏడు ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ కూడా అలాంటి బిల్లే ఆమోదించింది. సంఘాలన్నీ లేచేసరికి మే 1న వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. వారానికి 48 గంటలే కదా, మిగతా రోజులు సెలవు అంటారు. కాగితం మీద అవును. కానీ పవర్‌లూము కార్ఖానాల్లో 12 గంటలు చేసి, వారానికి నాలుగు రోజులతో ఆగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి!

వచ్చే ఆదివారం యూనియన్ ఆఫీసుకు వచ్చేటప్పుడు పగారు చీటీలు తెచ్చుకోండి. చేసిందెన్ని గంటలో, చీటీలో రాసిందెన్ని గంటలో పక్కపక్కన పెట్టి చూద్దాం.

- కార్యదర్శి