ఉత్తర చూసి ఎత్తర గంప



మా గాంధీనగర్, అశోక్‌నగర్ వీధులు పోటీపరీక్షలకు చదివే యువకులకు నెలవు. వారాంతం వచ్చిందంటే వీరిలో కొందరు ఒక కారు అద్దెకు తీసుకొని, గుడారాలు వేసుకొని, నల్లమలకో, మారేడుమిల్లికో, వనజంగికో బయలుదేరుతారు. యౌవనంలో కొండలెక్కక మరెప్పుడెక్కుతారు? దానిపై నాకు అభ్యంతరం లేదు. నా తగవంతా ఒక మాటతో. కొండల్లో ప్రాణాలు పోయిన మరునాడు నిర్వాహకులూ, అధికారులూ ఏకకంఠంతో పలికే "ప్రకృతి వైపరీత్యం" అన్న మాటతో.

విపరీతమైన దాని భావం వైపరీత్యం. ఉండవలసిన తీరుకు విరుద్ధంగా ఉండటమన్నమాట. శ్రావణంలో కొండమీద కుండపోత విపరీతమా? భాద్రపదంలో గోదావరి పొంగడం విపరీతమా? ఆ నెలల్లో చినుకు రాలకపోతే అది విపరీతం! అలాగే "అనూహ్య వాతావరణం" అంటారు. ఊహకు అందనిది అనూహ్యం. ఊహించడానికి బద్ధకించినదానికి ఆ పేరు చెల్లదు.

మన రైతు ఈ సంగతిని ఏనాడో చెప్పాడు. "ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప." ఆ కార్తెలో వాన జాడ ఉన్నదో లేదో చూసి, లేదని తేల్చుకున్నాకే వలసకు గంప నెత్తికెత్తుకొమ్మన్నాడు. "చూసి" అన్నది క్త్వార్థకం. ముందు జరగవలసిన పనిని చెబుతుంది. ఇది నేను తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం. మనవారు గంప ముందు ఎత్తి, ఉత్తరను దారిలో చూస్తున్నారు.

2019 సెప్టెంబరు 15 సరిగ్గా ఉత్తర కార్తె తొలి రోజుల్లోనిదే. 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన పాపికొండలను చూపించడానికి బయలుదేరిన "రాయల్ వశిష్ఠ" పడవ ఆనాడు కచ్చులూరు దగ్గర మునిగింది. 50 మంది వరకు చనిపోయారు. గోదావరిలో వరద రహస్యంగా రాలేదు. ఒడ్డున నిలబడినవాడికి కనిపిస్తూనే ఉన్నది. అయినా పడవ కదిలింది. కదలనిచ్చినవారున్నారు. ఇందులో ప్రకృతి చేసిన వైపరీత్యమేమిటి?

ఆకాశం చూసినా ఫలితం లేని చోట్లు కూడా ఉన్నాయి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, బియాస్ నదిలో మన హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వారు బండలమీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి నీరు వదిలారు. ఆ నీటిని వదిలింది వరుణదేవుడు కాదు, ఉద్యోగులు. 2016లో అక్కడి హైకోర్టు విద్యుత్ బోర్డునూ, కళాశాలనూ, రాష్ట్ర ప్రభుత్వాన్నీ బాధ్యులను చేసి, ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించమన్నది. "వైపరీత్యం" అన్న మాటతో సరిపెట్టుకొని ఉంటే ఆ తీర్పు వచ్చేదా? అందుకే ఈ మాటపై నాకింత కోపం. అది చనిపోయినవారి వెంట బాధ్యతను కూడా నీటిలో కలిపేస్తుంది.

మనకు ఈ ప్రయాణాలు కొత్తవీ కావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి సుమారు 100 మంది పరివారంతో, డేరాలతో కాశీకి బయలుదేరారు. అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ నల్లమల మీదుగా హైదరాబాదు చేరి, ఉత్తరాదికి సాగి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారి ఎటువంటిది, మజిలీలో నీరున్నదా, సరుకులు దొరుకుతాయా అన్నవి వెనుక వచ్చేవారికి పనికివచ్చేలా రాసిపెట్టారు. ఉపగ్రహం లేదు, ఫోను లేదు. అడిగి తెలుసుకునే వినయం ఉన్నది. నేడు వాతావరణ శాఖ హెచ్చరిక అరచేతిలోకి వస్తుంటే చదివే ఓపిక లేదు.

అమెరికాలోని మన పిల్లలు గ్లేసియర్ పార్కుకు వెళ్ళాలంటే కొండదారి తెరిచారో లేదో ముందు చూసుకుంటారు. అక్కడ మంచు తొలగించి, దారి పూర్తిగా తెరిచేసరికి సాధారణంగా జూన్ చివరో, జూలైయో అవుతుంది. అది తెరవకపోతే అలిగి ఎవరూ వైపరీత్యమనరు.

"సాహసమన్నాక అపాయం ఉండదా?" అంటారు కుర్రవాళ్ళు. ఉంటుంది నాయనా. అపాయాన్ని ఎరిగి అడుగు వేయడం సాహసం, ఎరగకుండా వేయడం మౌఢ్యం. "అసలు పోనివ్వకండి" అంటారు పెద్దలు. అదీ తప్పే. నిషేధం చేతకానివాడి పరిపాలన. కావలసింది మూడే: వెళ్ళేవాడు కార్తె చూడాలి, అడవికి అనుమతి తీసుకోవాలి, తీసుకువెళ్ళేవాడు వరద రోజున డబ్బు తిరిగి ఇచ్చి ప్రయాణం మానాలి, గేటు తిప్పేవాడు ముందు సైరను మోగించి, ఒడ్డున మనిషిని నిలపాలి.

ఈ మూడూ చేశాక కూడా ప్రమాదం జరిగితే, అప్పుడు "వైపరీత్యం" అనండి. నేనూ తల వంచుతాను. అంతవరకు ఆ పదాన్ని నిఘంటువులోనే ఉండనివ్వండి.

విజ్ఞులు ఖండించదలిస్తే నిరభ్యంతరంగా వ్యాఖ్య రాయవచ్చు.