వంటింటి కిటికీ కోసం గోడ ఎందుకు పగలదు?

మన ఇళ్ళల్లో గోడలు పగలకొట్టటం కొత్తేమీ కాదు. ఏసీ పెట్టాలంటే కన్నం పడుతుంది. అబ్బాయి గదికి అటాచ్డ్ బాత్రూమ్ కావాలంటే గుమ్మం లేస్తుంది. వాస్తు బాగాలేదని ఎవరన్నా అంటే సింహద్వారమే ఇటు నుంచి అటు మారిపోతుంది. వంటింట్లో గాలి ఆడటం లేదు, ఒక కిటికీ పెట్టించండి అని ఇల్లాలు అడిగినప్పుడు మాత్రం "కట్టిన గోడని ఇప్పుడు పగలకొడతామా?" అంటారు. ఈ మాట వినని ఆడవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు?

పైగా మనం ఉండేది ఏ ప్రాంతం? వేసవి వస్తే మిరపకాయలకి తొడిమలు తీసేది, ఎండబెట్టేది, వేయించి కారం కొట్టేది, పచ్చళ్ళు కలిపేది మనమే. పోపులో రెండు ఎండుమిరపకాయలు మాడితే ముందు గదిలో టీవీ చూసేవాళ్ళు కూడా దగ్గుతారు. పొయ్యి ముందు నిలబడ్డ మనిషి సంగతి చెప్పక్కర్లేదు. పెంకుటిళ్ళ రోజుల్లో పెంకుల సందుల్లోంచన్నా పొగ పోయేది. స్లాబులు వచ్చాక ఆ దారీ మూసుకుపోయింది. పత్తి తీతల కాలంలో, రేటు వస్తుందని పంటని ఇంట్లోనే పోసుకునే వాళ్ళకి ఉన్న కిటికీలు కూడా పత్తి వెనక దాక్కుంటాయి.

"గ్యాసు వచ్చిందిగా, ఇంకా పొగేమిటి?" అనేవాళ్ళున్నారు. గ్యాసు మంట కూడా గదిలోని గాలినే వాడుకుంటుంది. కాగిన నూనె పొగ, మిరపకాయ ఘాటు కట్టెల పొయ్యి మీదైనా గ్యాసు మీదైనా వచ్చేవే. "ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాంగా" అనేవాళ్ళూ ఉన్నారు. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యాను తిరుగుతుందే గానీ లాగేది తక్కువ. కాబట్టి నా మాట ఒకటే. ఇంట్లో ఒక్క గోడని ముట్టుకోవాల్సి వస్తే ముందు వంటింటి గోడ సంగతి చూడండి. వాస్తు గుమ్మం, ఏసీ కన్నం తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఎందుకంటే ఇంటాయన ఒప్పుకున్నాక అసలు భయం మొదలవుతుంది. ఇప్పుడు డ్రిల్లింగ్ మిషను, కటింగ్ మిషను ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఫోన్లో ఓ వీడియో చూసి, ఆదివారం పొద్దున్నే "మేస్త్రీ ఎందుకు, నేనే చేస్తా" అని మొదలుపెడుతున్నారు.

తెలుగులో కన్నం వెయ్యటం అంటే దొంగతనమనే అర్థం కూడా ఉంది. శూద్రకుడి మృచ్ఛకటికంలో చారుదత్తుడి ఇంటికి కన్నం వెయ్యటానికి వచ్చిన శర్విలకుడు వచ్చీ రాగానే గోడని పొడవడు. నీళ్ళు పడి మెత్తబడ్డ చోటేదో వెతుకుతాడు. గోడ కాల్చిన ఇటుకదా, పచ్చి ఇటుకదా, మట్టిదా అని ఆలోచిస్తాడు. కొలతాడు మర్చిపోయి వస్తే జంధ్యంతో కొలుచుకుంటాడు. పరాయి గోడ మీద దొంగకున్న పాటి శ్రద్ధ సొంత గోడ మీద మనకుండొద్దా?

ముందు తెలుసుకోవాల్సింది ఆ గోడ ఏం మోస్తోందని. పిల్లర్లు వేసి కట్టిన ఇంట్లో బరువు పిల్లర్లు, బీములు మోస్తాయి. గోడలు చాలావరకు అడ్డుగా ఉండేవే. మన ఊళ్ళల్లో పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అక్కడ గోడే పిల్లరు. తొమ్మిదంగుళాల గోడైతే అనుమానించాల్సిందే. నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా అడ్డుగోడే అయినా, దాని మీద అటకో మెట్లో ఆనించి ఉన్నాయేమో చూడాలి. పల్నాడు వైపు మట్టితో పేర్చిన పాత రాతిగోడలైతే మరీ జాగ్రత్త. ఒక రాయి లాగితే పక్కవి జారతాయి. కంటితో చూసి తేల్చుకోలేనప్పుడు ఒకసారి ఇంజినీరుని పిలిచి చూపించుకోవటం తప్పు కాదు. టైల్స్ రంగు ఎంచుకోవటానికి నాలుగు షాపులు తిరుగుతాం కదా.

రెండోది, పని వరుస. కిటికీ అంతా కొట్టేసి ఆ తర్వాత లింటెల్ పెడదామంటే కుదరదు. ముందు పైన, తర్వాత కింద. పైన ఉన్న బరువుకి సపోర్టు కర్రలు నిలబెట్టాలి. లింటెల్ కూర్చునే మేర మాత్రమే గాడి కొయ్యాలి. లావు గోడైతే ఒక వైపు సగం కోసి లింటెల్ కూర్చోబెట్టి, అది గట్టిపడ్డాక రెండో వైపు కొయ్యాలి. లింటెల్ రెండు చివర్లా కనీసం ఆరంగుళాలు గోడ మీద కూర్చోవాలి. కాంక్రీటు అక్కడే పోస్తే కనీసం వారం రోజులు తడపాలి, సపోర్టు కర్రలు తియ్యటానికి అంతకన్నా ఎక్కువ రోజులు ఆగాలి. దాని కింద గోడ తీసేది ఆ తర్వాతే. అంటే ఇది ఒక్క ఆదివారంలో తేలే పని కాదు. ఎవరన్నా సాయంత్రానికి అయిపోతుందంటే, ఏదో ఒక మెట్టు వదిలేస్తున్నారని అర్థం.

మూడోది, చోటు. మన ఒంగోలు పక్కన 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2002 నాటి దేశ భూకంప పటంలో ఒంగోలు, విజయవాడ ప్రాంతాలు మూడో జోన్‌లో ఉన్నాయి. అలాంటి చోట్ల ఇళ్ళు ఎలా కట్టాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 4326 తలుపులు, కిటికీల గురించి కూడా చెప్తుంది. ఒక అంతస్తు ఇంట్లో రెండు అడ్డుగోడల మధ్య ఉన్న గోడ పొడవులో, ఖాళీలన్నీ కలిపి సగం దాటకపోవటం క్షేమం. అంతస్తులు పెరిగితే ఆ వంతు ఇంకా తగ్గాలి. గది మూల నుంచి కూడా, ప్రాంతాన్ని బట్టి తొమ్మిదంగుళాల నుంచి అడుగున్నర దాకా గోడ వదలాలి. రెండు గోడలు ఒకదాన్నొకటి పట్టుకునేది మూల దగ్గరే గనక.

వాస్తు మార్పులతో నా గొడవ ఇక్కడే. ఉచ్చంలో గుమ్మం కావాలని తలుపుని ఈశాన్యం మూలకి జరిపిస్తారు. సరిగ్గా గోడ ముట్టుకోకూడని చోటే అది. నమ్మకాన్ని నేను తప్పు పట్టను. మూల నుంచి అడుగున్నర వదిలినా గుమ్మం ఉచ్చంలోనే ఉంటుంది, ఇల్లూ నిలబడుతుంది. చెప్పిన పెద్దమనిషిని "ఈ గోడ మీద ఏముందో చూశారా?" అని ఒక్క మాట అడగండి చాలు.

"మా పక్కింట్లో కొట్టారు, ఏమీ కాలేదు" అంటారు. గోడ తీసిన రోజే ఇల్లు కూలదు. బరువు పక్క గోడ మీదకి మళ్ళుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట కనిపిస్తే "సున్నం పగిలింది" అని పైన పుట్టీ పూస్తాం. 2017 జూలై 25న ముంబై ఘాట్కోపర్‌లో సిద్ధి సాయి అనే నాలుగంతస్తుల భవనం కూలి 17 మంది చనిపోయారు. కింది అంతస్తులో మార్పులు చేస్తూ పిల్లర్లను కదిలించారన్న ఆరోపణ మీద కేసు నడిచింది. పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళు ఎవరి గోడా పగలకొట్టలేదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ మన గోడ మనదొక్కరిదే కాదు.

ఇంట్లో పని జరిగినన్నాళ్ళూ మేస్త్రీకి టీ ఇచ్చేది, ఇటుక పొడి తుడిచేది, పిల్లల్ని ఆ దుమ్ముకి దూరంగా ఉంచేది మనం. ఎక్కడ ఏం కొడుతున్నారో అందరికన్నా ముందు కనపడేది మనకే. కాబట్టి కిటికీ ఎక్కడ రావాలో చెప్పాల్సింది కూడా మనమే. పొయ్యికి ఎదురుగా పెడితే గాలికి మంట ఆరి గ్యాసు లీకయ్యే ప్రమాదముంది. పక్కగా వస్తే మంటా నిలుస్తుంది, ఘాటూ పోతుంది. ఈ సంగతి రోజూ అక్కడ నిలబడే మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అలాగే లింటెల్ పెట్టకుండా కింద కొడుతుంటే "ఆగండి" అనాల్సిందీ మనమే. ఆ మాట అంటే మొగుడి పనికి అడ్డం వచ్చిందని అనుకుంటారేమో, అనుకోనివ్వండి.

మళ్ళీ మిరపకాయలు వేయించే రోజులు వచ్చేలోగా ఈ పని తేల్చుకోండి. ముందు గోడ చూపించుకోండి, తర్వాత కిటికీ పెట్టించుకోండి. ఈసారి "కట్టిన గోడని పగలకొడతామా?" అంటే, పోయినసారి గుమ్మం మార్చినప్పుడు పగిలిన గోడ ఎవరు కట్టిందో నెమ్మదిగా అడగండి.