మద్దెల ఆగుతుంది, ట్రాకు ఆగదు

తెలంగాణ సంగీత నాటక అకాడమీ పెద్దలకు,

ఈ మధ్య ఆర్మూర్ దగ్గరి ఓ ఊళ్లో చిందు యక్షగానం చూశాను. తెల్లవార్లూ సాగే పాత ఆట కాదు. సమ్మక్క సారలమ్మల కథను గంటన్నరకు కుదించి కొత్తగా కట్టిన ఆట. దాని గురించే ఈ ఉత్తరం.

ముందు మనసు నిండిన సంగతి చెప్తాను. ఇద్దరు పట్టుకున్న తెర కింద గజ్జెల కాళ్లు మాత్రమే కనిపిస్తుంటే, వెనకున్నది ఎవరని పిల్లలు పందెం కట్టారు. తెర తొలగింది. భుజకీర్తులు, కిరీటం, మొహానికి పచ్చని అర్దళం. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు! కరువులో కప్పం ఎక్కడి నుంచి తేవాలంటూ సమ్మక్క భర్త పగిడిద్దరాజు దరువు ఎత్తుకోగానే నా పక్కనున్న పెద్దాయన "గట్ల అడుగు!" అని తొడ చరిచాడు. పసుపు ధర పడిపోయిన ఏడు చూసినవాళ్లకు ఆ దరువును విడమరిచి చెప్పాలా? సారలమ్మ వేషం కట్టింది కూడా ఆడమనిషే. చిందు ఎల్లమ్మ గజ్జె కట్టిన జిల్లా ఇది, మాకు అది వింత కాదు.

చిక్కంతా పాటతో వచ్చింది. మద్దెల లేదు, హార్మోనియం లేదు, వంత పాడేవాళ్లు లేరు. ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టారు. సమ్మక్క కొడుకు జంపన్న వాగులో ఒరిగే ఘట్టంలో జనం "మళ్లీ, మళ్లీ" అని కేకలేశారు. ఆ నటుడికీ మళ్లీ అందుకోవాలనే ఉంది, ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. ఈలోగా ట్రాకు తర్వాతి దరువులోకి వెళ్లిపోయింది. చచ్చిపోవాల్సిన జంపన్న, సౌండ్ బాక్సు దిక్కు చూసి గబగబా చచ్చిపోయాడు. కొందరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మద్దెలగాడు నటుడి కాళ్ల మీదే కన్నేసి ఉంటాడు. గొంతు జీరపోతే సాగదీస్తాడు, జనం ఊగితే ఇంకో చుట్టు తిప్పుతాడు. చిందులో ఆటకూ పాటకూ ఉన్న ముడి అదే. ట్రాకు ఎందుకు పెట్టారని దళం వాళ్లనే అడిగాను. పిలిచినవాళ్లు ఇచ్చేది వేషగాళ్లకే చాలదట, వాద్యగాళ్లను ఎక్కడి నుంచి తెస్తామన్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

కొత్త కథ కూడదని నేననడం లేదు. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లే దర్శకుడు బి.వి. కారంత్ వచ్చినప్పుడు బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడారు. చిందులకు పద్మశ్రీ కూడా వచ్చింది, 2024లో గడ్డం సమ్మయ్య గారికి. శాలువాలు కప్పితే సంతోషమే. కానీ మద్దెల నేర్చిన పిల్లవాడికి నెలకు నాలుగు ఆటలైనా దొరకాలి కదా! అందుకే, మీరు ఏ చిందు ప్రదర్శనకు సాయం చేసినా వాద్యగాళ్లు ఎదురుగా కూర్చుని వాయించాలన్న షరతు పెట్టండి, వాళ్ల కూలి విడిగా లెక్కగట్టండి. ఊరేగింపుల్లో పది నిమిషాల చిందును చిందుగా లెక్కేయకండి.

ఇంకొకటి. కొత్త కథ కావాలంటే మా ఊళ్లోనే ఉంది. 2001లో వేల్పూర్ మండలంలో పనుల్లో ఉన్న పిల్లలందర్నీ బడికి పంపారు. అక్టోబర్ 2న బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. పిల్లల్ని పనికి పెట్టుకున్న ఆసాములు తల్లిదండ్రుల బాకీలు వదులుకున్నారు. బాకీ కాగితం పట్టుకున్న ఆసామి, ఎదురుగా తల్లి, మధ్యలో పలక పట్టుకున్న పిల్ల. ఇంతకన్నా మంచి సంవాద దరువు ఏ పురాణంలో దొరుకుతుంది? ఆసామిని మరీ రాక్షసుణ్ని చేయొద్దు, ఆ బాకీ వదులుకోవడం వాడికీ బరువే. చిందులో నవ్వించే బుడ్డర్‌ఖాన్‌కు కూడా చోటుంది, హాజరు పట్టీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే సారుగా. దీన్ని రాయించే పని ఏ చిందు దళానికైనా అప్పజెప్పండి, పట్నం రచయితకు కాదు.

ఎర్రజొన్న కోతలు అయ్యాక ఆట పెట్టుకోవచ్చు. జాగా, కరెంటు, దళానికి భోజనాలు చూడమని మా గ్రామాభివృద్ధి కమిటీని నేనే అడుగుతాను. మద్దెల, హార్మోనియం, తాళాలు, వంత వాళ్ల ఖర్చు మాత్రం మీది.

ఇట్లు,
వేల్పూర్ ప్రేక్షకుడు