ఆనవాళ్లు వ్రాయుటలో అలక్ష్యము తగదు

తప్పిపోయినవారిని గూర్చి పత్రికలలో వెలువడు ప్రకటనలను పరిశీలించినచో, 'చామనఛాయ, సుమారు అయిదున్నర అడుగుల ఎత్తు, కోలముఖము, తెల్లచొక్కా' అను నాలుగు మాటలే తరచుగా కానవచ్చును. ఈ మాటలకు సరిపోలువారు ప్రతి బస్‌స్టాండులోను పదులకొలది యుందురు. చొక్కాయన్ననో మరునాటికి మారిపోవచ్చును.

ఒంగోలు గిత్తను పోగొట్టుకొన్న రైతు ఇట్లు చెప్పడు. తెల్లని మేను, ఎత్తయిన మూపురము, పొట్టికొమ్ములు, నల్లని తోకకుచ్చు ఆ జాతికంతటికిని గల లక్షణములని యెరిగినవాడు గనుక, సుడి యెక్కడ నున్నది, ఏ కొమ్ము కొన విరిగినది, కాడి రాపిడికి మెడ యేవైపున కాయకాచినది అను విషయములను వివరించును. జాతిలక్షణమును విడిచి వ్యక్తిలక్షణమును పట్టుకొనుటయే ఆనవాలు చెప్పుటలోని కిటుకు.

పదవ తరగతి ధ్రువపత్రము కొరకు పుట్టుమచ్చలు వ్రాసికొను వేళ, పిల్లలను వరుసగా నిలిపి, చేతులు చాపించి, కనబడినదానినెల్ల 'కుడిచేతిపై పుట్టుమచ్చ' అని ముగించుట మనకు పరిపాటి. 'కుడి మోచేతికి రెండంగుళముల దిగువ, లోపలివైపున, కందిగింజంత నల్లమచ్చ' అని వ్రాయుటకు పట్టు కాలము మరి యొక్క నిమిషమే. కాని యా వాక్యము ఒక్కనినే చూపును.

వ్రేలిముద్రలుండగా ఈ శ్రమ యేల యని కొందరందురు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. అజీజుల్ హక్, హేమచంద్ర బోసులు ఆ ముద్రల వర్గీకరణకు చేసిన సేవ చిరస్మరణీయము. నేడు ఆధార్ పది వ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపలను నమోదు చేయుచున్నది. అయినను, మట్టిపనిలో వ్రేళ్లరిగిన కూలికి ముద్రలు చదువు యంత్రము పలుమార్లు పలుకదు; రైల్వే ప్లాట్‌ఫారముపై దారితప్పి కూర్చున్న మతిమరపు వృద్ధురాలిని చూచు బాటసారికి ఆధారములు తన కన్నులు, తాను చదివిన ప్రకటన, ఈ రెండే.

కావున పోలీసుస్టేషను రైటర్లు ఫిర్యాదు వ్రాసికొనునప్పుడు రంగు, ఎత్తులతో తృప్తిపడక, ముంజేతి పచ్చబొట్టు, ఆపరేషను మచ్చ, ఊడిన పన్ను, నడకలోని కుంటు మున్నగువానిని అడిగి వ్రాయవలెను. పత్రికలును ఆ వివరములకు చోటీయవలెను. ప్రతి గృహస్థుడును తన యింటి వృద్ధుల, పసివారల ఆనవాళ్లను ఫొటోతో సహా నేడే వ్రాసి భద్రపరచుకొనవలెను. ఆపద వచ్చిన దినమున కలతచెందిన మనస్సునకు అవి జ్ఞప్తికి రావు.