పాత కంప్యూటర్‌కు కొత్త గుండె

మా ఇంటి కంప్యూటర్ 2014లో కొన్నది. ఆన్ చేస్తే కాఫీ కలుపుకుని తాగేదాకా తెరుచుకోదు. చీటీ పాడి కొత్తది తెద్దామంటారు మావారు. ఆ చీటీ అమ్మాయి ఫీజు కోసం కట్టేదమ్మా!

తిరుపతిలో షాపతన్ని గుచ్చి గుచ్చి అడిగాను. హార్డ్ డిస్కులో పళ్ళెం తిరగాలి, అందుకే ఆలస్యం. ఎస్‌ఎస్‌డిలో తిరిగేదేమీ లేదు. పైగా రేపు కొత్తది కొన్నా అందులోకి మార్చుకోవచ్చు. పాత డీడీఆర్3 ర్యామ్ అట్లా కాదు, కొత్తవాటిలో పట్టదు. దానికి డబ్బు పోయకండి.

చిక్కల్లా విండోస్‌తోనే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. 11కేమో ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచే అనుమతి. మాది 4వ తరం. ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేయించాం. అమ్మాయి పాఠాలకు, కరెంటు బిల్లుకు చాలు. విండోస్ సాఫ్ట్‌వేర్‌తోనే లెక్కలు రాసుకునేవాళ్ళు మాత్రం కొత్తది కొనుక్కోవడమే మేలు.

షాపుకిచ్చే ముందు ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పాత డిస్కు అడిగి మరీ ఇంటికి తెచ్చుకోండి.